పైరేట్స్ సీజన్, పాత బేస్‌బాల్ కార్డులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో పిట్స్‌బర్గ్ పక్కనున్న పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చి, దర్శనం అయ్యాక "సాయంత్రం మ్యాచ్ ఉందా?" అని అడిగే బంధువులు కొందరు. పొద్దున్నే హైదరాబాద్ నుంచి స్కోరు చూసి "మళ్లీ పోయిందా?" అని మెసేజ్ పెట్టే మిత్రులు కొందరు. వాళ్లంతా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇది మా ఊరి బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్ గురించి, ఆ జట్టు ఆటగాళ్ల పాత కార్డుల గురించి. మీ ఊరి జట్టు వేరే అయినా కార్డుల సంగతులు చాలావరకు పనికొస్తాయి.

ఎప్పుడూ ఓడిపోయే జట్టు మీద ఇంత ప్రేమ ఏమిటండీ?

నిజమే, దాచేదేమీ లేదు. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. 2013, 14, 15 మూడేళ్లూ ప్లేఆఫ్స్‌కి వెళ్లి ఊపిరి పోశారు. మళ్లీ 2019 నుంచి 2025 దాకా ఒక్క సీజన్‌లోనూ సగం మ్యాచ్‌లు గెలవలేదు. 2025లో 71 గెలుపులు, 91 ఓటములు. మే నెల రాకముందే జట్టు అమ్మేయమని స్టేడియంలో యజమానికి వినపడేలా నినాదాలు మొదలయ్యాయి.

కానీ ఇదే జట్టు 1909, 1925, 1960, 1971, 1979లలో వరల్డ్ సిరీస్, అంటే ఇక్కడి బేస్‌బాల్ ఫైనల్, గెలిచింది. కార్డులు సేకరించేవాడికి కావలసింది ఆ చరిత్రే. ఇవాళ్టి మ్యాచ్ ఏడో ఇన్నింగ్స్‌కే చేజారిపోయిందనుకోండి, టీవీ సౌండ్ తగ్గించి 1960 నాటి ఆల్బమ్ తెరుస్తాను. ఆ రెండూ కలిస్తేనే నాకు సీజన్. జట్టు ఎప్పుడూ గెలుస్తూ ఉంటే కార్డులు చూసే తీరిక ఉండేది కాదేమో.

నాకు క్రికెట్ తప్ప ఏమీ రాదు. ఎంత తెలిస్తే చూడొచ్చు?

మూడు విషయాలు చాలు. తొమ్మిది ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో ఇరు జట్లకీ మూడేసి ఔట్లు. బ్యాటర్ నాలుగు బేసులూ చుట్టి ఇంటికొస్తే ఒక పరుగు. మిగతాది చూస్తూ ఉంటే వస్తుంది. 2023లో పిచ్ క్లాక్ (బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం) వచ్చిన దగ్గర్నుంచి ఆట వేగం పుంజుకుంది, చాలా మ్యాచ్‌లు రెండున్నర గంటలు, కాస్త అటూ ఇటూగా అయిపోతున్నాయి. టీ20 కంటే పొట్టి అన్నమాట.

సీజన్‌కి 162 మ్యాచ్‌లా? ఎవరు చూస్తారు అన్నీ?

ఎవరూ చూడరు. మార్చి చివర్లో మొదలై సెప్టెంబరు చివరిదాకా దాదాపు రోజూ ఆట ఉంటుంది. అందులో 81 సొంత మైదానంలో. ఇది కూర్చుని చూసే ఆట కంటే ఇంట్లో నడుస్తూ ఉండే ఆట. వంట చేస్తూ రేడియో వినొచ్చు, నడకకి వెళ్తూ వినొచ్చు. అసలు మేజర్ లీగ్ (ఇక్కడి అగ్రశ్రేణి బేస్‌బాల్) మ్యాచ్ రేడియోలో మొదటిసారి వినిపించింది ఇక్కడి నుంచే: 1921 ఆగస్టు 5న అప్పటి మా మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్‌లో పైరేట్స్, ఫిలడెల్ఫియా ఫిలీస్ ఆడిన మ్యాచ్‌ని కేడీకేఏ స్టేషన్ ప్రసారం చేసింది.

కొత్తవాళ్లకి నా సలహా: వారానికి ఒక మ్యాచ్ పూర్తిగా చూడండి, మిగతా రోజులు స్కోరు చాలు. పాల్ స్కీన్స్ పిచ్చింగ్ (మన బౌలింగ్ లాంటిది) చేసే రోజు మాత్రం వదలొద్దు. 2025లో అతను సగటున తొమ్మిది ఇన్నింగ్స్‌కి రెండు పరుగులు కూడా ఇవ్వలేదు, 1.97. మేజర్ లీగ్‌లో మా జట్టుండే సగం, నేషనల్ లీగ్, అందులో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఏకగ్రీవంగా అతనికే ఇచ్చారు. మరి అతని ఖాతాలో గెలుపులు ఎన్ని? పది. ఓటములూ పదే. మా బ్యాటర్ల సంగతి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు.

ఇండియా నుంచి చూడాలంటే?

లీగ్ వాళ్ల సొంత యాప్ ఉంది, డబ్బు కట్టి చూడొచ్చు. అమెరికాలో ఉండేవాళ్లకే ఆ యాప్‌లో తలనొప్పి, సొంత ఊరి జట్టు మ్యాచ్‌లు చూపించకుండా ఆపేస్తారు. టైము చూసుకోండి: సాయంత్రం 6:40కి ఇక్కడ మొదలైతే మీకు తెల్లవారుజామున 4:10. సుప్రభాతం బ్యాచ్‌కి ఇబ్బంది లేదు. ఆదివారం మధ్యాహ్నం 1:35 మ్యాచ్ అయితే రాత్రి 11:05కి మొదలవుతుంది, అది నయం.

ఈ కార్డులు అసలు ఏమిటి? ఎంత పాతవైతే పాతవి?

ఆటగాడి బొమ్మ ముందు, లెక్కలు వెనక ఉండే చిన్న అట్టముక్క. మొదట్లో సిగరెట్ పెట్టెల్లో పెట్టారు, తర్వాత బబుల్‌గమ్ ప్యాకెట్లలో. ఎనభైల చివర్లో మన దగ్గర బిగ్ ఫన్ గమ్‌తో పాటు వచ్చిన క్రికెట్ బొమ్మలు పోగుచేసిన వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందువి ఒక లోకం, తర్వాతివి ఒక లోకం. యుద్ధం తర్వాత బౌమన్, టాప్స్ కంపెనీలు పోటీపడ్డాయి. 1952లో టాప్స్ 407 కార్డుల పెద్ద సెట్ వేసింది. 1956లో బౌమన్‌ని కొనేసింది. అప్పటి నుంచి 1980 దాకా గమ్ కార్డుల్లో దాదాపు టాప్స్ ఒక్కటే రాజ్యం. వింటేజ్ అని ఎక్కడిదాకా అనాలన్న దాని మీద గొడవలున్నాయి. నా లెక్కలో 1973తో ఆగిపోతుంది. కారణం ఉంది: అప్పటిదాకా టాప్స్ ఒక ఏడాది కార్డుల్ని ఒకేసారి కాకుండా విడతలు విడతలుగా వదిలేది. వేసవి చివర్లో వచ్చే ఆఖరి విడత నాటికి పిల్లలు బడికీ ఫుట్‌బాల్‌కీ మళ్లిపోయేవారు, దుకాణాలు తక్కువ తెప్పించేవి. అందుకే పెద్ద నంబర్ల కార్డులు తక్కువ దొరుకుతాయి, ధర ఎక్కువ. వీటినే హై నంబర్లు అంటారు. పైరేట్స్ ఆటగాడు విల్లీ స్టార్జెల్ తొలి కార్డు 1963 సెట్‌లో 553వది. మొత్తం 576 ఉన్న సెట్‌లో అది ఎక్కడుందో చూడండి, ధర ఎందుకు అంత ఉంటుందో అర్థమవుతుంది. 1974 నుంచి మొత్తం ఒకేసారి వదలడం మొదలైంది.

1952 హై నంబర్ల కథ అందరికీ తెలిసిందే అయినా చెప్పాలి. అమ్ముడుపోని పెట్టెలు గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉంటే, 1960 ప్రాంతంలో టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ వాటిని పడవ మీద తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పడేయించాడు. ఆ విడతలో మొదటిది, 311వ నంబరు, న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మిక్కీ మాంటిల్. 2022లో ఆ కార్డు ఒకటి కోటీ 26 లక్షల డాలర్లకి పోయింది.

హోనస్ వాగ్నర్ కార్డుకి అంత ధర ఎందుకు?

వాగ్నర్ మా ఊరివాడే. 1874లో ఇప్పటి కార్నెగీ దగ్గర పుట్టాడు. పైరేట్స్ షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డర్. 1909లో అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టడానికి వేసిన సెట్‌ని కలెక్టర్లు టీ206 అంటారు. అందులో వాగ్నర్ కార్డు అచ్చువేయడం మధ్యలోనే ఆపేశారు. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఇష్టంలేక వద్దన్నాడని ఒక మాట. అనుమతికి డబ్బు ఇవ్వలేదని ఒప్పుకోలేదని ఇంకో మాట. వాగ్నర్ పొగాకు నమిలేవాడు కాబట్టి మొదటి కథని నమ్మనివాళ్లు ఉన్నారు. ఏదైనా ఇవాళ లోకంలో తెలిసినవి సుమారు 50, 60 మాత్రమే. 2022లో ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకి చేతులు మారింది, అది కూడా పదికి రెండు గ్రేడు (కార్డు ఎంత బాగుందో చెప్పే మార్కు) ఉన్న కార్డు.

అన్నిటికంటే పేరున్న వాగ్నర్ కార్డు ఒకప్పుడు హాకీ ఆటగాడు వేన్ గ్రెట్స్కీ దగ్గర ఉండేది. పదికి ఎనిమిది గ్రేడు. దాని అంచుల్ని తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకి అసలు ఆ గ్రేడు రాకూడదు. అయినా అది దాని ప్లాస్టిక్ పెట్టెలో దర్జాగా అలాగే ఉంది. ఈ వ్యాపారం గురించి ఇంతకంటే సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

వాగ్నర్ మనకి అందడు. కానీ అదే సెట్‌లో అతని పక్కన ఆడినవాళ్లు ఉన్నారు: ఫ్రెడ్ క్లార్క్, టామీ లీచ్, క్యాచర్ జార్జ్ గిబ్సన్, పిచ్చర్ హోవీ క్యామ్నిట్జ్. 1909లో 110 మ్యాచ్‌లు గెలిచి, వరల్డ్ సిరీస్‌లో టై కాబ్ ఆడిన డెట్రాయిట్‌ని ఓడించిన జట్టు ఇది. వీళ్లలో పెద్ద పేరు లేనివాళ్ల కార్డు, మూలలు అరిగిపోయినదైతే, మామూలు ఉద్యోగి కూడా ఒక పుట్టినరోజు పేరు చెప్పి కొనుక్కోవచ్చు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. నూట పదిహేనేళ్ల కిందట ఎవరి చొక్కా జేబులోనో తిరిగిన వస్తువు.

క్లెమెంటే కార్డుల్లో కొన్నిటి మీద "బాబ్" అని ఎందుకుంది?

రాబర్టో క్లెమెంటే ప్యూర్టోరికో నుంచి వచ్చాడు. 1955లో పైరేట్స్‌కి ఆడటం మొదలుపెట్టాడు. ఇక్కడి రేడియోవాళ్లు, పత్రికలవాళ్లు అతని పేరుని తమ నోటికి వీలుగా "బాబ్" అని మార్చేశారు. అతనికి అది నచ్చలేదు, చెప్పాడు కూడా. ఎవరు వింటారు? టాప్స్ 1955, 56 కార్డుల మీద రాబర్టో అని సరిగ్గానే వేసి, 1957 నుంచి 1969 దాకా బాబ్ అని వేసింది. 1970లో మళ్లీ రాబర్టో అయ్యాడు. ఆఫీసులో వెంకట సుబ్రహ్మణ్యం "సబ్" అయిపోయిన వాళ్లెవరికైనా ఆ కార్డులు వరసగా పేర్చి చూస్తే విషయం వెంటనే తెలుస్తుంది.

1972 సెప్టెంబరు 30న అతను మూడు వేలవ హిట్ కొట్టాడు. రెగ్యులర్ సీజన్లలో అదే ఆఖరిది. ఆ డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకి సరుకులు తీసుకెళ్తున్న విమానం సముద్రంలో కూలి చనిపోయాడు. 1973 టాప్స్ సెట్‌లో అతని కార్డు వచ్చింది, నంబరు 50. నా దగ్గరున్నది మధ్యలో సన్నటి మడత పడింది. ఎవరో కుర్రాడు దాన్ని పర్సులో పెట్టుకుని తిరిగి ఉంటాడు. మడత లేనిది ఇస్తానన్నా మార్చుకోను.

సీజన్‌కీ పాత కార్డులకీ ఎలా ముడిపెడతారు?

క్యాలెండర్ పట్టుకుని. ఇది నా పద్ధతి, మీకు నచ్చితే వాడుకోండి. సీజన్ నడిచే ఆరు నెలల్లో జట్టు చరిత్రలోని తేదీలు వస్తూనే ఉంటాయి. ఆ తేదీకి సంబంధించిన కార్డు ముందే వెతికి కొనుక్కుంటాను, లేదా ఉన్నది బయటికి తీసి బల్ల మీద పెట్టి, ఆ రోజు మ్యాచ్ పెడతాను.

ఏప్రిల్‌లో క్లెమెంటే. 1955 ఏప్రిల్ 17న తొలి మ్యాచ్ ఆడాడు. అదే నెలాఖరున ముసలి వాగ్నర్ తన విగ్రహావిష్కరణకి కారులో వచ్చి కూర్చున్నాడు, ఆ ఏడాది చివర్లో పోయాడు. వాగ్నర్‌నీ క్లెమెంటేనీ ఒకే ఊళ్లో చూసిన వేసవి అది ఒక్కటే.

మే 26కి పైరేట్స్ పిచ్చర్ హార్వీ హాడిక్స్. 1959లో ఆ రాత్రి మిల్వాకీలో అతను 12 ఇన్నింగ్స్‌ల పాటు ఒక్క బ్యాటర్‌ని కూడా బేస్ ఎక్కనివ్వలేదు. వరసగా 36 మంది వచ్చారు, 36 మందీ ఔట్. పైరేట్స్ మాత్రం ఒక్క పరుగు కొట్టలేకపోయారు, స్కోరు సమంగా ఉంటే ఆట తొమ్మిది ఇన్నింగ్స్ దాటి సాగుతుంది. 13వ ఇన్నింగ్స్‌లో ఒక ఫీల్డింగ్ పొరపాటుతో మొదలై మ్యాచ్ 1-0తో పోయింది. స్కీన్స్ బాధ చూసినప్పుడల్లా నాకు హాడిక్స్ గుర్తొస్తాడు. అతని 1960 కార్డు అరిగినదైతే కాఫీ ఖర్చుతో వస్తుంది. అంత కథ, ఇంత చవక. పాత కార్డుల్లో అసలు లాభం ఇక్కడే ఉందని నా నమ్మకం.

సెప్టెంబరు 1 నాకు ఇష్టమైన రోజు. 1971లో ఆ రోజు మేనేజర్ డానీ మర్టా మైదానంలోకి పంపిన తొమ్మిది మందీ నల్లజాతి లేదా లాటిన్ అమెరికన్ ఆటగాళ్లే. మేజర్ లీగ్‌లో అలా జరగడం అదే మొదటిసారి. స్టెనెట్, క్లైన్స్, క్లెమెంటే, స్టార్జెల్, సాంగియెన్, క్యాష్, ఆలివర్, హెర్నాండెజ్, పిచ్చర్ డాక్ ఎల్లిస్. ఆ రోజు స్థానిక పత్రికలు సమ్మెలో ఉండటంతో పెద్దగా వార్త కూడా కాలేదు. మ్యాచ్ 10-7తో గెలిచారు, నెలన్నరకి వరల్డ్ సిరీస్ కూడా గెలిచారు. ఈ తొమ్మిది మందినీ 1972 టాప్స్ సెట్ నుంచి పోగుచేయడం కొత్తవాళ్లకి మంచి ప్రాజెక్టు. క్లెమెంటే, స్టార్జెల్ కాస్త ఖరీదు, మిగిలిన ఏడుగురూ చేతికందేవాళ్లే. ఆ ఏడాది డిజైన్ సినిమా హాలు బోర్డులా రంగురంగులుగా ఉంటుంది, కొందరికి నచ్చదు. నాకు ఇష్టం.

ఇక అక్టోబరు 13. మా జట్టు అప్పటికి ఎలాగూ ఇంటికెళ్లిపోయి ఉంటుంది. 1960లో ఆ రోజు యాంకీస్‌తో వరల్డ్ సిరీస్ ఏడో, ఆఖరి మ్యాచ్, తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 9-9. బిల్ మాజెరోస్కీ కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాటింది. ఏడో మ్యాచ్ ఆఖరి బంతికి హోమ్ రన్‌తో వరల్డ్ సిరీస్ ముగియడం ఇంతవరకు అదొక్కసారే. ఆ సిరీస్ మొత్తం మీద యాంకీస్ 55 పరుగులు చేశారు, పైరేట్స్ 27. అయినా నాలుగు మ్యాచ్‌లు నెగ్గి సిరీస్ గెలిచింది మేమే. ఫోర్బ్స్ ఫీల్డ్‌ని కూల్చేసినా గోడలో కొంత భాగం పిట్స్‌బర్గ్‌లోనే ఓక్‌లాండ్ పేటలో యూనివర్సిటీ మధ్య ఇంకా ఉంది. ఏటా ఆ రోజున జనం అక్కడ చేరి పాత రేడియో ప్రసారం మొదటి నుంచి వింటారు, హోమ్ రన్ సరిగ్గా ఆ నిమిషానికే వచ్చేలా పెట్టుకుని. 1961 టాప్స్ సెట్‌లో ఆ హోమ్ రన్‌కి విడిగా ఒక కార్డు ఉంది. అది జేబులో పెట్టుకుని వెళ్లండి. ప్లాస్టిక్ కవరు మరవొద్దు.

ఎంత డబ్బుతో మొదలుపెట్టాలి?

నెలకి ఒకసారి కుటుంబం బయట భోంచేసే ఖర్చు చాలు. పెద్ద పేర్ల తొలి కార్డుల జోలికి మొదటి ఏడాది వెళ్లకండి. క్లెమెంటే 1955 కార్డు నలిగిపోయినది కూడా వేలల్లో ఉంటుంది. కార్డ్ షోలో టేబుళ్ల మీద తళతళలాడేవాటిని వదిలేసి, కింద అట్టపెట్టెల్లో ఏడాది వారీగా పేర్చిన మామూలు కార్డుల దగ్గర కూర్చోండి. వాటిని కామన్స్ అంటారు. నాకు తెలిసిన పెద్దాయన ఒకరు అక్కడే మడత కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెతుకుతుంటారు.

ఆన్‌లైన్‌లో కొంటే అమ్మేవాళ్లు అడిగే ధర చూడకండి, అమ్ముడైపోయినవి ఎంతకి పోయాయో చూడండి. ఇంకొకటి: జట్టు వరసగా పది మ్యాచ్‌లు గెలిచిన వారంలో కొనొద్దు. అందరికీ అప్పుడే ప్రేమ పుట్టుకొస్తుంది. పైరేట్స్‌తో ఆ ప్రమాదం తక్కువే అనుకోండి.

గ్రేడింగ్ చేయించాలా?

పీఎస్ఏ, ఎస్‌జీసీ, బెకెట్ లాంటి సంస్థలు కార్డుని పరీక్షించి, పదికి ఇంతని మార్కు వేసి గట్టి ప్లాస్టిక్‌లో సీలు చేస్తాయి. మూలలు, అంచులు, పైభాగం, బొమ్మ మధ్యలో ఉందా పక్కకి జరిగిందా అన్నవి చూస్తారు. ఖరీదైన కార్డు అయితే అవసరం, ముఖ్యంగా అసలుదేనని నమ్మకం కోసం. ఇరవై డాలర్ల కార్డుకి అంతకంటే ఎక్కువ ఫీజు కట్టడం దండగ.

ఏడుకీ ఎనిమిదికీ మధ్య తేడా మామూలు కంటికి కనపడదు, ధరలో మాత్రం రెట్టింపు తేడా ఉండొచ్చు. నా ఉద్దేశంలో రెండు, మూడు గ్రేడ్లే మనలాంటి వాళ్లకి సరైనవి. బొమ్మ శుభ్రంగా ఉండి మూలలు గుండ్రంగా అరిగినది వెతకండి. వెనక మైనం మరకో, గమ్ మరకో ఉంటే గ్రేడు పడిపోతుంది, ముందు వైపు ఏమీ తేడా ఉండదు.

నకిలీలు, దిద్దినవి పట్టుకోవడం ఎలా?

టెన్షన్ పడకండి, ఒక మంచి భూతద్దం కొనండి. 1950ల, 60ల కార్డుల్లో బొమ్మ చిన్న చిన్న రంగు చుక్కలతో ఏర్పడి ఉంటుంది. కానీ పేరు అక్షరాలు, నల్ల గీతలు గట్టిగా, నిండుగా ఉండాలి. అక్షరాల్లో కూడా చుక్కలు కనిపిస్తే అసలు కార్డుని ఫొటో తీసి మళ్లీ అచ్చువేసినట్టు లెక్క. అల్ట్రావయొలెట్ టార్చి ఇంకో సాధనం. చీకటి గదిలో వేస్తే ఈమధ్య కాలపు కాగితం నీలంగా మెరుస్తుంది. 1909 నాటి కాగితం మెరవకూడదు.

దిద్దడం ఇంకో రకం మోసం. 1971 టాప్స్ కార్డులు చూడండి. అంచంతా నలుపు, కాస్త రాసుకున్నా పెచ్చు లేచి లోపలి తెలుపు బయటపడుతుంది. అందుకే శుభ్రమైనవి తక్కువ. కొందరు ఆ తెల్ల మచ్చల మీద నల్ల మార్కర్ పూస్తారు. కార్డుని అడ్డంగా పట్టుకుని, ముందు వైపు కాకుండా పక్క అంచు మందాన్ని దీపం కింద చూడండి. అసలు కార్డుకి నలుపు పైపొరలోనే ఆగుతుంది, కింద అట్ట రంగు సన్నటి గీతలా కనపడుతుంది. మార్కర్ అయితే సిరా ఆ మందంలోకి దిగి, వక్క నమిలిన పంటి అంచులా నల్లగా పీల్చుకుని ఉంటుంది. ఒకసారి చూస్తే మర్చిపోరు.

వాగ్నర్ కార్డు ఫలానా తాతగారి పెట్టెలో దొరికిందని ఎవరైనా చెబితే చిరునవ్వు నవ్వి టీ ఇవ్వండి.

పాత ఇల్లు కొంటే అటక మీద 1987 కార్డుల డబ్బా దొరికింది. నేను కోటీశ్వరుణ్ణా?

కాదు. ఎనభైల చివర, తొంభైల మొదట్లో కంపెనీలు లెక్కలేకుండా అచ్చువేశాయి. అందరూ పెట్టుబడి అనుకుని దాచారు, అందుకే అందరి దగ్గరా ఉన్నాయి. చెక్క రంగు అంచు ఉన్న 1987 టాప్స్‌లో పైరేట్స్ చొక్కాలో సన్నగా ఉన్న బ్యారీ బాండ్స్, తర్వాత పెద్ద స్టార్ అయినవాడు, కనిపిస్తాడు, అది తీసి పెట్టుకోండి. మిగతావి పిల్లలకిచ్చేయండి, ఆడుకుంటారు.

కొత్త కార్డులు మీకు పడవా?

పడకపోవడం ఏమీ లేదు, లాటరీ అంటే భయం. స్కీన్స్ తొలి మ్యాచ్ చొక్కా మీద ఉన్న బ్యాడ్జీని అతికించి టాప్స్ ఒకే ఒక్క కార్డు తయారుచేసింది. 2024 చివర్లో అది కాలిఫోర్నియాలో 11 ఏళ్ల అబ్బాయి తెరిచిన ప్యాకెట్‌లో పడింది. దాన్ని ఇస్తే హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వెనక రెండు సీట్లు 30 ఏళ్ల పాటు ఇస్తామని పైరేట్స్ ఆశపెట్టారు. ఆ కుటుంబం వేలానికే మొగ్గింది. 2025 మార్చిలో 11 లక్షల 10 వేల డాలర్లు పలికింది. ముప్ఫై ఏళ్లు పైరేట్స్‌ని చూడటం బహుమానమా, శిక్షా అని ఇక్కడ చాలా జోకులు నడిచాయి.

పైరేట్స్‌తో మనవాళ్లకి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది. 2008లో రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లు ఒక టీవీ పోటీలో నెగ్గి వచ్చారు. అప్పటిదాకా జావెలిన్ విసిరేవాళ్లే, బేస్‌బాల్ ముట్టుకున్నది లేదు. వాళ్లతో ఒప్పందం చేసుకున్నది ఈ జట్టే. 2009లో ఫ్లోరిడాలోని దిగువ స్థాయి లీగ్‌లో ఆడారు. ఇద్దరూ పై స్థాయికి రాలేకపోయారు. రింకూ తర్వాత డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలోకి వెళ్లాడు.

కార్డులు పాడవకుండా ఎలా దాచాలి?

పల్చటి కవరులో పెట్టి, దాన్ని గట్టి ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలి. ఆల్బమ్ పేజీలు పీవీసీ లేనివే కొనండి. పాత మెత్తటి పీవీసీ పేజీలు కొన్నేళ్లకి జిగురుగా మారి కార్డుకి అంటుకుపోతాయి. రబ్బరు బ్యాండు అసలు వద్దు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో ఉండేవాళ్లు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలానికి ముందు మార్చండి. లామినేషన్ మాత్రం చేయించకండి. మంచి మనసుతో అది చేసి కార్డు విలువ పోగొట్టినవాళ్లు ఉన్నారు.

స్టేడియానికి వస్తే ఏం చూడాలి?

పీఎన్‌సీ పార్క్ 2001లో తెరిచారు. దేశంలో అందమైన మైదానాల్లో ఒకటని పగవాళ్లు కూడా ఒప్పుకుంటారు. కారు డౌన్‌టౌన్‌లో పెట్టి క్లెమెంటే వంతెన మీద నడిచి రండి, మ్యాచ్ రోజుల్లో దాని మీద బండ్లు ఆపేస్తారు. బయట వాగ్నర్, క్లెమెంటే, స్టార్జెల్, మాజెరోస్కీ విగ్రహాలున్నాయి. కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, క్లెమెంటే చొక్కా నంబరు 21 కాబట్టి. మూడో బేస్ వైపు పై అంతస్తులో చవక టికెట్టు తీసుకోండి, నదీ వంతెనలూ ఊరూ మొత్తం అక్కడి నుంచే కనపడతాయి. శాకాహారులకి తినడానికి పెద్దగా ఏమీ ఉండదు. గుడి క్యాంటీన్‌లో పులిహోర తిని రావడం మేలు.

ఇంట్లోవాళ్లు "ఆ అట్టముక్కలకి ఇంత డబ్బా?" అంటున్నారు.

సరైన ప్రశ్నే. పెట్టుబడి అని మాత్రం అబద్ధం చెప్పకండి, రెండేళ్లలో దొరికిపోతారు. సరదా అనే చెప్పి, నెలకి ఇంత అని ఒక హద్దు పెట్టుకుని, కొన్నవి ఒక పుస్తకంలో రాయండి. ఏ కార్డు, ఎక్కడ, ఎంతకి అన్నది. పిల్లలుంటే కార్డు వెనక లెక్కలు చదివించండి, సగటులూ శాతాలూ ఆటలోనే వచ్చేస్తాయి. మా ఇంట్లో ఆ వాదన బాగానే పనిచేసింది.

ఎప్పుడైనా అమ్మాల్సి వస్తే?

పైన చెప్పిన పుస్తకం అప్పుడు అక్కరకొస్తుంది. అమెరికాలో ఏడాది పైన ఉంచుకుని లాభానికి అమ్మితే సేకరణ వస్తువుల కింద గరిష్టంగా 28 శాతం దాకా పన్ను పడొచ్చు, షేర్లకంటే ఎక్కువ. ఎంతకి కొన్నారో రుజువు లేకపోతే వచ్చిందంతా లాభమే అనే లెక్కకొస్తుంది. దుకాణానికి ఇస్తే మార్కెట్ ధరలో సగం, కాస్త పైన వస్తుంది. వాళ్లకీ అద్దెలున్నాయి. సొంతంగా ఆన్‌లైన్‌లో అమ్మితే ఎక్కువ వస్తుంది కానీ ఫీజులు, పోస్టేజీ, ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ మీవే. పైరేట్స్ కార్డులైతే పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల షోలలోనే అమ్మండి. హాడిక్స్ ఎవరో అడక్కుండా కొనేవాళ్లు ఇక్కడే ఉన్నారు.